గాజుపలకలమీద గగనమండలము

బేగంపేట వేధశాలలో నూరేండ్ల క్రిందట కొలిచిన తారల అంకెలు నేటి ఖగోళ విజ్ఞానమునకు ఎట్లు ఉపకరించినవి?

హైదరాబాదు నగరమున బేగంపేటలో, ఆర్థిక సాంఘిక అధ్యయన కేంద్రము నెలకొనియున్న ఆవరణకు నేటికిని నిజామియా వేధశాల ప్రాంగణమనియే పేరు. ఉత్తరములపై ఆ చిరునామా వ్రాయువారిలోను, చదువువారిలోను, ఒకప్పుడు ఈ ఆవరణమున మనుష్యులు రాత్రులు మేల్కొని ఆకాశమును గాజుపలకలపైకి దింపి, పగళ్లు కూర్చుండి ఆ పలకలపైని చుక్కలను ఒక్కొక్కదానిని సూక్ష్మదర్శినితో కొలిచి అంకెలుగా మార్చిరని ఎరిగినవారు మిక్కిలి కొలదిమందియే యుందురు. ఆ అంకెలు పన్నెండు సంపుటములుగా అచ్చుపడినవి. వానిని తెరచినచో కథ లేదు, బొమ్మ లేదు, వర్ణన లేదు. పుట వెంట పుటగా నిలువు వరుసలలో సంఖ్యలు తప్ప మరేమియు కానరాదు. కృష్ణబిలముల ఛాయాచిత్రములును, దూరపు సూర్యుల చుట్టు తిరుగు గ్రహముల వార్తలును పత్రికల మొదటి పుటల కెక్కుచున్న ఈ రోజులలో, అట్టి నీరసములైన సంపుటములను ముఖపత్ర వ్యాసమునకు విషయముగా గైకొనుట కొందరికి వింతగా తోపవచ్చును. కాని ఆ వార్తలలో అనేకములకు మూలమున నున్న విద్య చుక్క యెచ్చట నున్నదో నిర్ణయించు విద్యయే యనియు, ఆ విద్యలో పాతబడినకొలది విలువ పెరుగు వస్తువు కొలత యొక్కటియే యనియు నా నమ్మకము. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే కారణము.

తెలుగుదేశమున పాశ్చాత్య పద్ధతిని దూరదర్శిని నెలకొల్పినది హైదరాబాదు కాదు, విశాఖపట్టణము. మద్రాసు వేధశాలాధిపతియైన టేలరు వద్ద శిక్షణము పొందిన గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతమున విశాఖలోని డాబాగార్డెన్సులో తన సొంత ధనముతో వేధశాల కట్టించెను. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఉద్యోగమును వదలి ఆ వేధశాలకు అంకితుడై, గ్రహణములను, 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటిన దృశ్యమును పరిశీలించి, లండను రాయల్ ఖగోళ సంఘమున సభ్యుడయ్యెను. ఆ వంశముయొక్క కథ విడిగా చెప్పదగినంతటిది గనుక ఇక్కడ విరమించెదను.

హైదరాబాదు కథకు మూలపురుషుడు నవాబు జఫర్ జంగు. ఈ ప్రభువంశీయునికి ఖగోళ శాస్త్రముపై గల మక్కువ సామాన్యమైనది కాదు. గ్రబ్ కార్ఖానా వారు నిర్మించిన పదునైదు అంగుళముల దూరదర్శినిని ఇంగ్లండునుండి తెప్పించి, ఫిసల్‌బండలోని తన ఆవరణమున 1901లో ప్రతిష్ఠించి, దానికి నిజామియా యను పేరు పెట్టుటకు ఆరవ నిజామగు మహబూబ్ అలీ ఖాను అనుమతి వేడెను. తన తదనంతరము ఆ సామగ్రి ప్రభుత్వమునకు చెందవలెననియు కోరెను. 1907లో ఆయన కాలధర్మము నొందగా, మరుసటి యేడు నిజాము ప్రభుత్వమువారు వేధశాలను స్వీకరించి, ఆర్థర్ చాట్‌వుడ్డును అధ్యక్షునిగా నియమించి, కొత్త కట్టడములను బేగంపేటలో కట్టించిరి. ప్రభువులు వేటకును విందులకును ధనమును వెచ్చించు దినములలో ఒక ప్రభువు కటకములకై వెచ్చించుట మెచ్చదగినదే. అయినను కటకము కొనుట వేరు, దానితో ఏమి చేయవలెనో నిశ్చయించుట వేరు. కొత్త వేధశాలకు చేయదగిన పని యొకటి పారిసునుండి వచ్చినది.

1887లో పారిసు వేధశాలాధిపతి అడ్మిరల్ మూషే నానాదేశముల జ్యోతిర్విదులను సమావేశపరచి ఒక మహాసంకల్పమును వారి ముందుంచెను. అప్పటికి పాల్ హెన్రీ, ప్రాస్పర్ హెన్రీ యను సోదరులిద్దరు ఆకాశమును ఫొటోగ్రాఫు తీయుటలో మంచి నైపుణ్యమును సంపాదించియుండిరి. కంటితో చూచి ఒక్కొక్క తారను పట్టికకెక్కించు పాత పద్ధతిని విడిచి, ఆకాశమునంతటిని ఖండఖండములుగా గాజుపలకలపై ముద్రించి, పదునొకండవ తరగతి కాంతివరకు గల తారల నన్నింటిని కొలిచి పట్టిక వేయవలెననియు, అంతకంటె మసకవగు తారలకు పటములు తయారుచేయవలెననియు వారు తీర్మానించిరి. ఆకాశమును అడ్డముగా నడికట్టులుగా విభజించి, ప్రపంచమునందలి వేధశాలలు ఒక్కొక్కటి ఒక్కొక్క నడికట్టును పంచుకొనెను. ఇట్లు కడకు పాల్గొన్నవి ఇరువదింటివరకు కలవు. పని పదిపదునైదు సంవత్సరములలో ముగియునని తలచినవారి మనుమల కాలమునకుగాని పట్టిక ముగియలేదు. పటముల భాగమైతే ఎన్నడును పూర్తికాలేదు. చిలీ దేశపు సాంటియాగో వేధశాల తన వంతును నిర్వహింపలేకపోగా, విషువద్వృత్తమునకు దక్షిణముగా పదునేడవ భాగనుండి ఇరువదిమూడవ భాగవరకు గల ఆ నడికట్టు హైదరాబాదునకు వచ్చెను. తరువాత జర్మనీలోని పాట్స్‌డాం పూర్తిచేయజాలని ఉత్తరపు నడికట్టులోను కొంత, ముప్పదియారునుండి ముప్పదితొమ్మిదివరకు, హైదరాబాదు భుజములపైననే పడెను.

తారలను చూచుట యలవాటు గలవారికి ఆ దక్షిణపు నడికట్టు ఎచ్చటిదో చెప్పిన సంతోషము కలుగును. మనము అనూరాధ యని పిలుచు కూటములోని ప్రధానమైన రెండు తారలు అందే యున్నవి. వర్షాకాలపు రాత్రులందు దక్షిణమున పాలపుంత దట్టముగా పొంగినట్లు కనబడు ధనూరాశి ప్రాంతమున గొప్ప భాగము అందు చేరును. ఆ ప్రాంతపు పలకలపై తారలు ఎంత కిక్కిరిసి యుండునో, వానిని కొలుచువారి కన్నులకు ఎంత శ్రమయో ఊహించుకొనవచ్చును. ఆకాశమున మిక్కిలి తేజోవంతమైన తారయగు లుబ్ధకము ఆ నడికట్టుయొక్క ఉత్తరపుటంచును ఒరసికొని వెలుపల నిలిచినది. పాలపుంతయొక్క కేంద్రమో, దక్షిణపుటంచునకు ఆరు భాగల దిగువను, హద్దు దాటి యున్నది. ఈ రెండింటిని మరల తలచుకొనవలసి వచ్చును గనుక ఇప్పుడే చెప్పి యుంచితిని.

పని విధానమిది. కుక్ కార్ఖానా వారి ఎనిమిదంగుళముల ఆస్ట్రోగ్రాఫు యంత్రము భూభ్రమణమునకు ఎదురుగా మెల్లమెల్లగా తిరుగుచు తారలను వెన్నంటి నడచుచుండగా, దాని యందమర్చిన గాజుపలక కొన్ని నిమిషములసేపు ఆకాశమునకు తెరవబడును. ఒక్కొక్క పలకపై రెండు భాగల వెడల్పు, రెండు భాగల పొడవు గల ఆకాశఖండము పడును. పలకపై ముందుగానే సన్నని గీతల వల యొకటి ముద్రింపబడియుండును. పలకను కడిగి ఆరబెట్టిన పిమ్మట కొలుచువాడు సూక్ష్మదర్శినిలో చూచుచు, ఈ చుక్క ఎడమ గీతనుండి ఇంత దూరము, క్రింది గీతనుండి ఇంత దూరము అని పలుకగా ప్రక్కవాడు వ్రాసికొనును. చుక్కయొక్క పరిమాణమును బట్టి కాంతితరగతిని గూడ అంచనా వేయుదురు. చాట్‌వుడ్డు తరువాత 1914లో ఆక్స్‌ఫర్డునుండి వచ్చిన రాబర్ట్ పోకాక్ ఈ పనిని త్రోవలో పెట్టి, 1918లో మరణించెను. అటుపిమ్మట టి. పి. భాస్కరన్ అధ్యక్షుడై 1944 వరకు దానిని నడిపెను. ఇంతలో 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు అప్పగింపబడెను. రోమునగరమున వాటికన్ వేధశాల తనవంతు తారలను కొలుచుటకు నలుగురు సన్యాసినుల సాయమును పొందెననియు, వారు పదేండ్లకుపైగా కూర్చుండి నాలుగు లక్షల ఎనుబదివేలకు మించిన తారలను కొలిచిరనియు చరిత్రలో నిలిచియున్నది. బేగంపేటలో కొలిచినవారి పేర్లు లోకమున కంతగా తెలియవు. అధ్యక్షుల పేర్లే సంపుటముల మొదటి పుటలపై మెరయుచున్నవి. విజ్ఞానశాస్త్రములో ఈ అన్యాయము కొత్తది కాదు.

ఇంత శ్రమ దేనికి? పంచాంగము తిరుగవేసిన అలవాటు గలవారికి భాగ, కళ, వికళ యను మానములు పరిచితములే: భాగలో అరువదవ వంతు కళ, కళలో అరువదవ వంతు వికళ. ఇప్పటి రూపాయి నాణెమును ఐదు కిలోమీటర్ల దూరమున నిలిపి చూచినచో అది ఆక్రమించు కోణము ఇంచుమించు ఒక వికళ. పారిసు సంకల్పమునందలి పలకలపై ఒక్కొక్క తారయొక్క స్థానమునందు మిగిలియుండు దోషము వికళలో నాలుగవ వంతు, మూడవ వంతు. నాటికది గొప్ప నైశిత్యమే. నక్షత్రములు స్థిరములని మనము అనుకొనుట మన ఆయుర్దాయము అల్పమగుటచేత. అవి యన్నియు కదలుచున్నవే, కాని మహాదూరముననుండుటచేత ఆ చలనము వికళలలోను, వికళా భాగములలోను మాత్రమే మనకు తెలియవచ్చును. ఆ భాగములలోనే వానిని గూర్చి మనము ఎరుగదగిన రహస్యములు చాల వరకు దాగియున్నవి.

దూరమును తీసికొందము. భూమి సూర్యుని చుట్టు తిరుగుచుండగా, ఆరు నెలల యెడమున చూచినపుడు సమీపమున నున్న తార దూరపు తారల నేపథ్యముపై ఇంచుక ప్రక్కకు జరిగినట్లగపడును. మన సిద్ధాంత గ్రంథములు లంబనమని పేర్కొన్న భావమునకే ఇది విస్తృతరూపము. 1838లో కోనిగ్స్‌బెర్గ్ నగరమున బెస్సెల్ అను జర్మను జ్యోతిర్విదుడు హంసమండలములోని 61వ తారకు ఈ జరుగుబాటులో సగము వికళలో మూడవ వంతు మాత్రమే యని కొలిచి, అది మనకు పదునొకండు కాంతి సంవత్సరముల ప్రాంతమున నున్నదనుటకు దారితీసెను. మానవుడు సూర్యేతరమైన తారకు దూరమును నమ్మదగిన రీతిని చెప్పుట అదియే మొదలు. ఆ తరువాత మనము చెప్పుచున్న లక్షల, కోట్ల కాంతి సంవత్సరముల లెక్కలన్నియు ఈ మొదటి మెట్టుపై మోపినవే; ఈ మెట్టు కదలినచో పైవన్నియు కదలును.

అదే బెస్సెల్ లుబ్ధకముయొక్క స్థానములను ఏండ్ల తరబడి పరిశీలించి, అది సరళరేఖలో పోక పామువలె మెలికలు తిరుగుచు పోవుచున్నదని కనిపెట్టి, కంటికి కనబడని జతతార యేదో దానిని లాగుచున్నదని 1844లో ప్రకటించెను. కనబడనిది ఉన్నదని చెప్పుటకు గుండె నిబ్బరము కావలెను. ఆయన గతించిన తరువాత 1862లో అమెరికాలో ఆల్వన్ గ్రాహం క్లార్కు కొత్త కటకమును పరీక్షించుచు ఆ జతతారను కంటితో చూచెను. అది సూర్యునంతటి బరువు, భూమి యంతటి పరిమాణము గలదని ఇరువదవ శతాబ్దమున తేలినప్పుడు భౌతిక శాస్త్రజ్ఞులు నివ్వెరపోయిరి. ఇట్టి శ్వేతకుబ్జ తారలు ఎంత బరువును భరింపగలవను ప్రశ్నను 1930లో బొంబాయినుండి ఇంగ్లండుకు ఓడపై పోవుచున్న పందొమ్మిదేండ్ల సుబ్రహ్మణ్య చంద్రశేఖర్ చేపట్టి, దానికొక ఎల్ల కలదని లెక్కవేసెను. ఆ ఎల్ల సూర్యుని బరువునకు ఒకటిన్నరకు కొంచెము తక్కువయని తరువాత స్థిరపడినది. ఎల్ల దాటిన తార గతియేమి? 1935లో లండను సభలో ఎడింగ్టన్ వంటి మహామహుడు ఆ ప్రశ్ననే హేళనచేసి త్రోసిపుచ్చెను. చంద్రశేఖరునకు నోబెల్ బహుమానము వచ్చుటకు 1983 దాక కాలము పట్టినది. కృష్ణబిలములను గూర్చిన నేటి జ్ఞానమునకు పోవు మార్గములలో ఒకటి ఇట్లు ఒక తారయొక్క మెలికల నడకనుండి బయలుదేరినది.

పారిసు మహాసంకల్పమును గూర్చి చరిత్రకారులు కఠినముగానే తీర్పు చెప్పియున్నారు. ఐరోపా వేధశాలలు తరముల తరబడి చుక్కలు లెక్కించు కూలిపనిలో కట్టుబడి యుండగా, అందు చేరని అమెరికనులు పెద్ద దర్పణములు కట్టి, వర్ణపటములు చదివి, కొత్త శాస్త్రమును కొల్లగొట్టుకొనిపోయిరని వారి అభియోగము. ఇందు సత్యము లేకపోలేదు. బేగంపేటలో పలకలు కొలుచుచున్న కాలముననే, 1923 అక్టోబరులో, కాలిఫోర్నియాలోని విల్సన్ కొండమీద ఎడ్విన్ హబుల్ ఆండ్రొమెడా నీహారికలో కాంతి క్రమముగా హెచ్చి తగ్గుచుండు సీఫియడ్ తార నొకదానిని గుర్తించి, అది మన పాలపుంతకు వెలుపలి మరియొక పాలపుంతయని స్థాపించెను. విశ్వము ఒక్కసారిగా విస్తరించినది. కాని అట్టి తారల దూరమును లెక్కగట్టుటకు ఆ హబుల్ ఆధారపడిన సూత్రమును 1912లో వెలువరించిన హెన్రియెట్టా లెవిట్ హార్వర్డు వేధశాలలో గాజుపలకలు కొలిచిన ఉద్యోగినియే యని అభియోక్తలు మరచుచుందురు. ఇక ఐరోపా వేధశాలల మాట యెట్లున్నను, హైదరాబాదు వంటి కొత్త వేధశాలకు ఈ పని చేసిన మేలు వేరు: పెద్ద దర్పణము లేకున్నను, ఓర్పును గణితమును మూలధనముగా గొని ప్రపంచ శాస్త్రకార్యమున సమానస్థాయిలో పాల్గొనుటకది అవకాశమిచ్చినది.

ఆ వేధశాలకు మరియొక ఫలితమును కలదు. అచ్చట ఉద్యోగియైన బాపు గారి కుమారుడు వేణు బాపు 1927లో మద్రాసున జన్మించి, ఈ దూరదర్శినుల నీడలో పెరిగి, నిజాం కళాశాలలో చదివి, ఉన్నత విద్యకై హార్వర్డు చేరెను. 1949లో అచ్చట తీసిన పలకలలో ఆయన కనుగొన్న తోకచుక్కకు బాపు, బాక్, న్యూకర్క్ అను మువ్వురి పేర్లు నిలిచినవి. 1957లో ఓలిన్ విల్సన్‌తో కలసి, తారయొక్క వర్ణపటములోని కాల్షియం రేఖ వెడల్పును బట్టి దాని నిజకాంతిని గ్రహింపవచ్చునని చూపెను; అది నేటికిని ఇరువురి పేరనే వ్యవహరింపబడుచున్నది. స్వదేశమునకు వచ్చి తమిళనాడులోని జావాది కొండలలో కావలూరు వేధశాలను స్థాపించెను. 1977 మార్చి 10న యురేనస్ ఒక తారను కప్పబోవుచున్నదని ముందుగా లెక్కవేసి ప్రపంచమున పలువురు దూరదర్శినులు ఎత్తియుంచిన వేళ, తార క్షణకాలము మినుకుమని ఆరుట కావలూరులో కూడ నమోదైనది. యురేనస్‌కు వలయములు కలవని ఆనాడు తెలిసినది. గ్రహము ఏ దినమున ఏ తారను కప్పునో చెప్పుటకు తారయొక్క స్థానము వికళలలో తెలిసియుండవలెను గదా. 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షుడైన మొదటి భారతీయుడు బాపు. 1982లో పరదేశమున అకాలమరణము పొందెను. ఆయన పేరు ధరించిన తొంబదిమూడు అంగుళముల దూరదర్శిని 1986లో కావలూరులో అంకితమైనది.

పన్నెండు సంపుటములు గ్రంథాలయములలో దుమ్ముపట్టి యుండగా, వానికి పునర్జన్మ నిచ్చినది కృత్రిమ ఉపగ్రహము. 1989లో ఐరోపావారు ప్రయోగించిన హిప్పార్కస్ నాలుగేండ్లలో లక్షా పద్దెనిమిదివేల తారల స్థానములను అపూర్వమైన నైశిత్యముతో కొలిచెను. దానితోడి మరియొక పరికరము, అంతకంటె తక్కువ నైశిత్యముతో, లక్షలకొలది తారలను నమోదు చేసెను. కాని ఆ లక్షల తారల చలనమును నిర్ణయించుటకు నాలుగేండ్ల యెడము చాలదు. పాత స్థానము కావలెను, ఎంత పాతదైన అంత మంచిది. అప్పుడు మాస్కోలోని స్టెర్న్‌బర్గ్ సంస్థవారు పారిసు సంకల్పపు సంపుటముల నన్నింటిని, హైదరాబాదువానితో సహా, ముద్రిత పుటలనుండి కంప్యూటరులోనికి ఎక్కించిరి. అమెరికా నౌకాదళ వేధశాలవారు ఆ నలుబదియారు లక్షల తారల స్థానములను నూతన ప్రమాణములకు సరిపెట్టిరి. వికళలో నాలుగవ వంతు దోషమున్న కొలతయైనను, ఎనుబదియేండ్ల యెడముచే భాగింపబడినపుడు ఏటికి వికళలో మున్నూరవ వంతుకు దిగును. ఇట్లు 2000లో కోపెన్‌హాగన్‌వారు వెలువరించిన టైకో-2 పట్టికలో ఇరువదియైదు లక్షల తారల స్వీయచలనములు చేరినవి. దక్షిణాకాశపు ఆ నడికట్టులో ఏ తార ఎటు పోవుచున్నదో చెప్పిన లెక్కలో ఒక కొన బేగంపేట పలకయే. ఆ పలకను 1920లో తీసియుండనిచో 1990లో ఏ ధనికదేశమును దానిని తీయజాలకపోయియుండును.

ఇక నడికట్టు హద్దుకు ఆరు భాగల దిగువనున్న పాలపుంత కేంద్రమునకు వత్తము. అచ్చట ధూళిమేఘములు కంటికి కనబడు కాంతిని అడ్డగించును గనుక, 1990ల తొలినాళ్లనుండి పరారుణ కాంతిలో చిలీనుండి రైన్‌హార్డ్ గెంజెల్ బృందమును, హవాయి దీవులనుండి ఆండ్రియా గెజ్ బృందమును కేంద్రమునకు దగ్గరి తారలను సంవత్సరము వెంట సంవత్సరము కొలుచుచు వచ్చిరి. వానిలో ఎస్2 యను తార పదునారేండ్ల కొకసారి ఏమియు లేనట్లు కనబడు ఒక బిందువు చుట్టు దీర్ఘవృత్తముగా తిరిగివచ్చుచున్నది. 2018 మే నెలలో అది ఆ బిందువునకు మిక్కిలి చేరువకు, అనగా భూసూర్యుల దూరమునకు నూటయిరువది రెట్ల దూరమునకు వచ్చి, సెకనుకు ఏడువేల ఏడువందల కిలోమీటర్ల వేగమున మలుపు తిరిగెను. కక్ష్య తెలిసిన పిమ్మట బరువు కట్టుట కెప్లరు కాలపు గణితమే: నలుబదిమూడు లక్షల సూర్యులు. అంత చిన్న చోట అంత బరువు చీకటిగా నుండుటకు కృష్ణబిలము తప్ప వేరు వివరణము నిలువదు. 2020లో నోబెల్ బహుమానమున సగము వారిద్దరికి, సగము రోజర్ పెన్‌రోజ్‌కు లభించినది. ఎస్2 కక్ష్య నిడివి యంతయు ఆకాశమున వికళలో నాలుగవ వంతు. బేగంపేట పలకపై ఒక్క తారయొక్క స్థానమున ఎంత దోషమును సహించిరో, సరిగా అంత చోటులో ఈ మహానాటకము జరుగుచున్నది. 2022లో అదే కృష్ణబిలముయొక్క నీడను రేడియో దూరదర్శినుల కూటమి చిత్రించి లోకమునకు చూపినపుడు జనులు ఆశ్చర్యపడిరి. నా మట్టుకు ఆ మసక వలయమున కంటె ఎస్2 గీసిన దీర్ఘవృత్తమే గొప్ప చిత్రము.

కొలుచువాని వినయమునకు పాఠము చెప్పిన కథయు కలదు. 1916లో బర్నార్డు కనుగొన్న తార, మనకు ఆరు కాంతి సంవత్సరముల దూరముననే యుండి, ఏటికి పది వికళల చొప్పున పరుగెత్తుచుండును. ఏ తారయు ఆకాశమున ఇంత వేగముగా కదలదు. అమెరికాలో స్ప్రౌల్ వేధశాలలో పీటర్ వాన్ డె కాంప్ ఏండ్లతరబడి దీనిని పలకలపై కొలిచి, దాని నడకలో మెలిక యున్నదనియు, గురునికంటె పెద్దదియగు గ్రహము దాని చుట్టు తిరుగుచున్నదనియు 1963లో ప్రకటింపగా, పాఠ్యపుస్తకములు సైతము నమ్మినవి. పది సంవత్సరముల పిమ్మట తేలినదేమనగా, అదే దూరదర్శినితో కొలిచిన ఇతర తారలును అదే సంవత్సరములలో అట్లే మెలిక తిరిగినవి. మెలిక తారది కాదు, 1949లో కటకపు అమరికను మార్చుటచే కలిగినది! వాన్ డె కాంప్ మాత్రము కడదాక ఒప్పుకొనలేదు. సూర్యునివంటి తారచుట్టు గ్రహమును తొలుత నిశ్చయముగా కనుగొన్నవారు 1995లో మేయర్, కెలోజ్‌లు. వారు వర్ణపట మార్గమున పోయిరి. విచిత్రమేమనగా, అదే మార్గమున 2024, 2025 సంవత్సరములలో బర్నార్డు తారచుట్టు నాలుగు చిన్న గ్రహములు నిజముగానే పట్టుబడినవి. అవి భూమికంటెను తేలికవి. వాన్ డె కాంప్ చెప్పినవి కావు.

2013 డిసెంబరు 19న ఐరోపావారు ప్రయోగించిన గైయా యను వ్యోమనౌక పదునైదు లక్షల కిలోమీటర్ల దూరముననుండి 2025 జనవరి వరకు దాదాపు నూట ఎనుబది కోట్ల తారలను మరల మరల కొలిచెను. కాంతిగల తారలకు వికళను ముప్పది నలుబది వేల వంతులు చేసినచో అందొక వంతు వరకు దాని చూపు పారును. ఆ కొలతలలో గరుడ మండలమున, మనకు రెండువేల కాంతి సంవత్సరములకు కొంచెము తక్కువ దూరమున, ఒక ముదుసలి తార కనబడని జత నొకదానిని చుట్టుచు పదునొకండున్నర యేండ్లకొక ఆవృత్తిగా మెలిక తిరుగుచున్నదని తేలినది. ఆ జత బరువు ముప్పదిమూడు సూర్యులు, వెలుగు సున్న. పాలపుంతలో నక్షత్రముయొక్క అవసానమున పుట్టిన కృష్ణబిలములలో ఇప్పటికి తెలిసిన వానిలో ఇదే మిక్కిలి బరువైనదని 2024 ఏప్రిలులో ప్రకటించిరి. 1844లో బెస్సెల్ లుబ్ధకమునుగూర్చి చేసిన తర్కమునకును దీనికిని ఏమి భేదము కలదు? కొలత సూక్ష్మమైనది, తర్కము మాత్రము అదియే.

హైదరాబాదులో ఆ పరంపర ఏమైనది? నగరపు దీపముల వెలుగు బేగంపేట ఆకాశమును కబళించుటచే, 1960లో అధ్యక్షుడైన అభ్యంకర్ గారి కాలమున నగరమునకు దూరముగా జపాల్, రంగాపురము గ్రామముల చెంత నలుబదియెనిమిది అంగుళముల దర్పణముతో కొత్త వేధశాల 1968లో ఏర్పడెను. 1980 ఫిబ్రవరి 16నాటి సంపూర్ణ సూర్యగ్రహణమునకు పరిశీలకులు అచ్చట చేరిరి. నేటి పరిశోధనకు అంతకంటె ఎత్తైన, పొడియైన కొండలు కావలెను గనుక దానిని పూర్వవైభవమునకు తెమ్మని కోరుట భావావేశమే యగునుగాని వివేకము కాదని నా అభిప్రాయము. పాత పలకలను, పుస్తకములను, కటకములను భద్రపరచవలసినదే. అంతకు మించి కొత్త పనికి దూరదర్శిని కొరతయే కారణముగా చూపుట ఈ దినములలో చెల్లదు. గైయా పట్టిక యంతయు ఏ రుసుమును, ఏ అనుమతిపత్రమును లేకయే అడిగినవారికెల్ల లభించుచున్నది. తార ఏ దినమున ఎచ్చట నుండెనో తెలుపు విడివిడి కొలతలను, తారలన్నింటికిని, మొదటిసారిగా చేర్చిన నాల్గవ విడత 2026 డిసెంబరులో వెలువడనున్నట్లు ఐరోపా అంతరిక్ష సంస్థవారు ప్రకటించియున్నారు. కనబడని జతలను, గ్రహములను అందు వెదకుటకు గణితమును, ఒక సామాన్యమైన కంప్యూటరును, ఏండ్లకొలది ఓర్పును చాలును. మన కళాశాలలలో గణితము, భౌతికశాస్త్రము బోధించు అధ్యాపకులు ఆ విడత వచ్చులోగా తమ విద్యార్థులలో నలుగురికైనను ఆ పట్టికను చదువు విధానము నేర్పియుంచవలెనని మనవి.